అద్భుత నవలలు - పదహారేళ్ళ పాఠకులు

నిరుడు వేసవిలో నేను వరసగా పదమూడు నవలలు చదివాను. అన్నీ ఇంగ్లీషువే. మంత్రమో, మాయో, లేని లోకమో లేకుండా వాటిలో ఒక్కటీ లేదు. ఈ పత్రిక చదివేవారిలో చాలామంది వాటిని ముట్టుకొని వుండరు. అయినా వాటి గూర్చి అందరికీ ఒక అభిప్రాయం వుండే వుంటుంది. నాకూ వుండేది. చదవకముందు అది చాలా దృఢంగా వుండేది, చదివాక అంత దృఢంగా లేదు. ఈ వ్యాసం రాయటానికి అదే కారణం.

ఆ నవలలు నా చేత చదివించింది మా అక్క మనవరాలు. పదో తరగతి కాగానే ఆ పిల్లను దూరాన వున్న ఒక కార్పొరేటు జూనియర్ కాలేజీ హాస్టల్లో వేశారు. ఏ కాలేజీ అన్నది ముఖ్యం కాదు. అది కాకపోతే ఇంకోటి, పద్ధతి ఒకటే. ఏడాది తిరిగాక పరీక్షలు రాసి సూళ్లూరుపేటకు వచ్చింది. ఇక అక్కడికి పోనన్నది. ఎందుకని ఎంత అడిగినా అంతకు మించి మాట్లాడలేదు. కట్టిన ఫీజు సంగతి వాళ్ళ నాయన ఎత్తాడు, నలుగురూ ఏమనుకొంటారన్న సంగతి వాళ్ళమ్మ ఎత్తింది. మా అక్క నాకు కబురు చేసింది. నేను ముప్ఫయ్యేళ్ళు బళ్ళో తెలుగు చెప్పినవాణ్ణి గనక పిల్లలు నా మాట వింటారని మా వాళ్ళకు ఇంకా నమ్మకం.

నేను పోయేసరికి ఆ పిల్ల పెట్టె విప్పి పుస్తకాలు సర్దుకొంటూ వుంది. ఫిజిక్సు, కెమిస్ట్రీ మెటీరియల్ ఒక మూల పడేసి, తక్కినవి మంచం మీద పేరుస్తూ వుంది. ఒకటి తీసి చూశాను. అట్ట మీద మంటలు కక్కే పిట్ట. "వాస్తవం నుంచి పారిపోయేవాళ్ళు చదివే పుస్తకాలమ్మా ఇవి" అన్నాను. హాస్టలు సంగతి కదపటానికి అది మంచి దారి అనుకొన్నాను కూడా. ఆ పిల్ల తల ఎత్తకుండా, "చదవకుండానే తిడతా వుండావే తాతా" అన్నది.

ఆ మాట నిజం. నేనే కాదు, మనలో చాలామందిమి అంతే. "పలాయనవాదం" అనే మాట మన విమర్శకులకు చేతికందే బెత్తం వంటిది. దేని మీద ఎంత ఝుళిపించామో మనకే లెక్క వుండదు. ఒకసారి తరగతిలో ఒక కుర్రాడు పాఠ్యపుస్తకం మాటున ఇట్లాంటి నవల పెట్టుకొని చదువుతూ వుంటే లాక్కొన్నాను. ఏడాది ఆఖరుదాకా తిరిగి ఇవ్వలేదు. పైగా తరగతి మొత్తానికి వాస్తవికతను గూర్చి ఒక ఉపన్యాసం చెప్పాను. ఆ కుర్రాడు తర్వాత ఏం చదివాడో, అసలు చదివాడో లేదో నాకు తెలియదు.

కాబట్టి, చదివి తిడతానని ఆ పిల్లకు మాట ఇచ్చాను. తనే ఒక వరస రాసి ఇచ్చింది. హారీ పోటర్ ఏడు భాగాలు, హంగర్ గేమ్స్ మూడు, అమీశ్ రాసిన మెలూహా నవల ఒకటి, ఉర్సులా లెగ్విన్‌ది ఒకటి, ఆర్. ఎఫ్. క్వాంగ్ రాసిన బేబెల్ ఒకటి.

వీటిలో కొన్నింటిని ఇంగ్లీషువాళ్ళు "యంగ్ అడల్ట్" నవలలంటారు. పన్నెండుకూ పద్దెనిమిదికీ మధ్య వయస్సువాళ్ళ కోసం రాసినవని అర్థం. దీనికి తెలుగులో మాట లేదు. మాట లేకపోవటం పెద్ద లోపం కాదు, పుస్తకాలు లేకపోవటమే లోపం. మా వూరి పుస్తకాల షాపుల్లో ఆ వయస్సువాళ్ళకని ఒక అర వుంది. దానిలో వుండేవి ఈఏపీసెట్, జేఈఈ, నీట్ ప్రశ్నల పుస్తకాలు.

ఇంతకు మునుపు ఇట్లా లేదు. పన్నెండేళ్ళ దాకా చందమామ వుండేది. అది మాకు పొరుగునే, మద్రాసులో, 1947లో పుట్టింది. ఇక్కడ ఒక విషయం జ్ఞాపకం చేసుకోవాలి. కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 నుంచి 1980లో చనిపోయేదాకా ఆ పత్రికలోనే పనిచేశారు. మధ్యతరగతి బతుకును ఆయనంత నిర్దాక్షిణ్యంగా చూసిన వాస్తవిక రచయిత మనకు మరొకరు లేరు. ఆ కలంతోనే బేతాళుణ్ణీ, దయ్యాలనూ, బ్రహ్మరాక్షసులనూ తీర్చిదిద్ది నెలనెలా పిల్లలకు అందించారు. పగలు పలాయనవాదం, రాత్రి వాస్తవికత అన్నట్టు ఆయన రెండు బతుకులు బతికారని ఎవరూ అనలేదు. మరి ఆయనకు లేని ఇబ్బంది మనకెందుకు వచ్చిందో ఆలోచించాలి. అదే పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యంగారు తోకచుక్క మొదలు ఏళ్ళ తరబడి ధారావాహికలు రాశారు. వాటి మీద ఆయన పేరు వుండేది కాదు. ధూమక సోమకులను, ఖడ్గవర్మ జీవదత్తులను ఎరిగిన లక్షల మంది పిల్లలకు వాళ్ళను పుట్టించిన మనిషి ఎవరో తెలియలేదు.

చందమామ దాటాక మా తరానికి సోవియట్ పుస్తకాలు వుండేవి. విశాలాంధ్రవారు అమ్మేవారు. ఉప్పల లక్ష్మణరావుగారి వంటివారు మాస్కోలో కూచుని వాటిని తెలుగు చేశారు. 1991 తర్వాత అవి రావటం ఆగిపోయింది. వాటిలో కొన్నింటిని మంచి పుస్తకంవారు మళ్ళీ అచ్చు వేశారు, మంచి పని. ఇక బాల్యాన్ని గూర్చి తెలుగులో గొప్ప రచనలు లేవా అంటే వున్నాయి. మా జిల్లాలవే వున్నాయి. నామిని మిట్టూరోడి కతలు, ఖదీర్‌బాబు దర్గామిట్ట కతలు చదివి నవ్వని, ఏడవని వాడెవడు? కాని అవి పెద్దవాళ్ళు వెనక్కి తిరిగి చూసుకొన్న బాల్యాలు. ఇవాళ పదహారేళ్ళు వున్న పిల్లతో, ఇవాళ దానికి వున్న భయాలను గూర్చి, దాని పక్కన కూచుని మాట్లాడే నవల వేరు. అది మనం రాయలేదు. రాయలేదు గనక ఆ పిల్ల ఇంగ్లీషులో చదువుకొంది. ఆ పైన, అది చదివినందుకు మనమే తిట్టాము.

ఇక నవలలకు వస్తాను.

హారీ పోటర్ కథ చాలామందికి తెలిసిందే. 1997 నుంచి 2007 దాకా ఏడు భాగాలుగా వచ్చింది. మొదటిది పరుసవేది పేరుతో తెలుగులోకి కూడా వచ్చింది. తల్లిదండ్రులు లేని పిల్లవాడు, మెట్ల కింద అరలో పడుకొనేవాడు, పదకొండో ఏట తాను మాంత్రికుల బిడ్డనని తెలుసుకొని వాళ్ళ బడికి పోతాడు. రౌలింగ్ కథ చెప్పే తీరులో లోపం పట్టటం కష్టం. పాఠకుణ్ణి చెయ్యి పట్టుకొని తీసుకుపోతుంది. రక్తశుద్ధిని గూర్చి విర్రవీగే పాత కుటుంబాలను, అవి చేసే దుర్మార్గాలను ఆమె సూటిగానే ఎత్తి చూపింది. కులం తెలిసినవాడికి ఆ ఘట్టాలు విడమరచి చెప్పనక్కరలేదు.

కాని నా దృష్టి వంటింటి మీద నిలిచిపోయింది. ఆ బడిలో బల్లల మీదికి విందులు వాటంతట అవే వస్తాయి. మూడు భాగాల దాకా అది మంత్రమే అనుకొంటాము. నాలుగో భాగంలో తెలుస్తుంది, కింద వంటింట్లో ఎల్ఫులు అనే చిన్న ప్రాణులు వండి పంపుతున్నాయని. వాటికి జీతం లేదు, బట్టలు లేవు. యజమాని బట్ట ఇస్తే విముక్తి. వంశపారంపర్యంగా వెట్టి. ఇది కనిపెట్టిన హెర్మయనీ అనే పిల్ల ఒక సంఘం పెట్టి బాడ్జీలు చేసి అమ్మబోతే స్నేహితులు నవ్వుతారు. రచయిత్రి కూడా నవ్వుతుంది. అక్కడే నాకు పేచీ. ఎల్ఫులకు వెట్టి అంటేనే ఇష్టమట! మన వూళ్ళలో పాలేళ్ళను గూర్చి భూస్వాములు ఇదే మాట చెప్పేవారు గదా? ఏడో భాగంలో మహా యుద్ధం జరుగుతుంది. ఎల్ఫులు కూడా కూర కత్తులు పట్టుకొని పోరాడతారు. దుష్టుడు చస్తాడు. అంతా అయ్యాక అలసిన కథానాయకుడి ఆలోచన ఏమిటంటే, తన ఇంటి ఎల్ఫు ఇప్పుడు తినటానికి ఏమైనా తెచ్చిపెడతాడా అని! యుద్ధం ఎవరి విముక్తి కోసం జరిగిందో ఆ ఒక్క వాక్యంతో తేలిపోయింది. 2015లో బాహుబలి చూసినప్పుడు కట్టప్ప గూర్చి నాకు ఇదే అనిపించింది. సింహాసనం మీద మంచి రాజు వచ్చినా, కట్టప్ప వంశం బానిస వంశమే. ఆ సంగతి మీద హాల్లో ఎవరికీ పట్టింపు లేదు.

ఇదంతా నోటు పుస్తకంలో రాసుకొని, గెలిచినవాడి మాదిరి మా అక్క ఇంటికి పోయి ఆ పిల్లకు చదివి వినిపించాను. ఆ పిల్ల ఓపికగా విన్నది. "అది నిజమే తాతా. నేను చదివేటప్పుడు అంత ఆలోచించలా" అన్నది. కాసేపు వూరుకొని, "నాకు వంటిల్లు గుర్తు లేదు. వాళ్ళకు రాత్రిళ్ళు నిప్పు కాడ కూచుని మాట్లాడుకొనే గది వుంటుంది చూడు, అది గుర్తు" అన్నది.

ఆ పిల్ల హాస్టలు సంగతి నోరు విప్పి చెప్పింది అప్పుడే. తెల్లవారుజామున అయిదింటికి లేపేవారు. రాత్రి పదిన్నర దాకా చదువు గంటలు. వారానికొక పరీక్ష, దానిని బట్టి సెక్షన్ మారటం. కిటికీలకు చువ్వలు, గదుల్లో ఫాన్లు దూకి చావటానికి వీల్లేకుండా ఏర్పాటు చేసినవి. పిల్ల ఆ సంగతి మామూలుగా చెప్పింది, ఫాన్ రెక్కల రంగు చెప్పినట్టు. నామిని "చదువులా? చావులా?" అని పుస్తకం రాస్తే మనం చదివాము, తల వూపాము, మన పిల్లల్ని తీసుకుపోయి అక్కడే వేశాము. దిండు కింద పెట్టుకొన్న హారీ పోటర్ భాగాన్ని వార్డెన్ పట్టుకొని తీసుకుపోయింది. ఏడాది ఆఖరున గాని తిరిగి ఇవ్వలేదు.

నేను నోటు పుస్తకం మూసేశాను.

పుస్తకం పోయాక ఆ పిల్ల ఏం చేసిందంటే, దీపాలు ఆర్పాక గదిలో వున్న ఏడుగురికీ కథ జ్ఞాపకం వున్నంత మేరకు చెప్పింది. తెలుగులో. వాళ్ళలో ఇద్దరు పల్లెటూళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, ఇంగ్లీషు నవల చదవగలిగినవాళ్ళు కారు. ఎల్ఫును ఏమన్నావని అడిగాను. "పనిదయ్యం" అన్నది. మనిషిలోని సంతోషం మొత్తం పీల్చే ప్రాణులు ఆ నవలలో వున్నాయి; వాటికి పేరు పెట్టనక్కర లేకపోయిందట, "స్టడీ అవర్ దయ్యం" అంటే అందరికీ అర్థమయిందట. ఒక పిల్ల సంక్రాంతికి ఇంటికి పోయి మళ్ళీ రాలేదు. ఫిబ్రవరిలో వాళ్ళమ్మ ఫోన్ నుంచి చేసి, తర్వాత ఏమయింది చెప్పమని అడిగింది.

జె. ఆర్. ఆర్. టోల్కీన్ అనే ఇంగ్లీషు రచయిత 1939లో స్కాట్లండులో ఒక ఉపన్యాసం ఇచ్చాడు. అద్భుత కథలను పలాయనం అని తిట్టే విమర్శకులు, జైల్లో వున్న ఖైదీ బయటపడాలనుకోవటాన్నీ, యుద్ధం నుంచి సిపాయి పారిపోవటాన్నీ కలిపి చూస్తున్నారన్నది అందులో ఆయన వాదన. టోల్కీన్ మన పక్షం మనిషి కాడు. రాజులంటే, పాత కాలమంటే ఆయనకు మోజు. అయినా ఈ వాదనకు మన వద్ద జవాబు వున్నదనుకోను. ఆ ఎనిమిది మంది పిల్లలు వాస్తవం నుంచి పారిపోయారా? వాస్తవం అంటే ఆ చువ్వలేనా?

అట్లాగని ఆ నవల మీద నా అభ్యంతరం మార్చుకోలేదు. రెండూ నిజమే. ఒక పుస్తకం వెట్టిని చూసి నవ్వవచ్చు, అదే పుస్తకం ఒక పిల్లకు ఊపిరి పొయ్యనూవచ్చు. మన విమర్శలో ఈ రెండో దానికి చోటు లేకపోవటం విమర్శ లోపమే గాని పిల్ల లోపం కాదు.

హంగర్ గేమ్స్‌ను గూర్చి మన పత్రికల్లో ఎవరూ ఎందుకు రాయలేదా అని ఆశ్చర్యపోయాను. సుజాన్ కాలిన్స్ అనే అమెరికన్ రచయిత్రి 2008-2010 మధ్య రాసింది. ఒక రాజధాని, దాని కింద పన్నెండు జిల్లాలు. ఒక్కొక్క జిల్లా ఒక్కొక్క సరుకు పండించి, తవ్వి, నేసి రాజధానికి పంపాలి. ఎప్పుడో తిరగబడినందుకు శిక్షగా ఏటా ప్రతి జిల్లా నుంచి ఒక మగపిల్లవాణ్ణి, ఒక ఆడపిల్లను చీటీ తీసి పంపాలి. వాళ్ళు ఒకరినొకరు చంపుకొంటే రాజధాని టెలివిజనులో చూస్తుంది. కథానాయిక కాట్నిస్ బొగ్గుగనుల జిల్లా పిల్ల. తండ్రి గనిలో పేలుడుకు చచ్చిపోయాడు. చీటీలో చెల్లెలి పేరు వస్తే, దాని బదులు నేను పోతానంటుంది.

ఈ కథలో నన్ను ఆపింది ఆ చావుల ఆట కాదు, చీటీల పద్ధతి. ఇంట్లో గింజలు లేని పిల్లలు, ఒక మనిషికి ఏడాదికి సరిపోయే ధాన్యమూ నూనే తీసుకొని, దానికి బదులు తమ పేరు ఇంకొకసారి చీటీల్లో వేయించుకోవచ్చు. కాట్నిస్ పేరు అట్లా ఇరవై సార్లు వుంటుంది. ఆమె స్నేహితుడి పేరు నలభై రెండు సార్లు. లాటరీ అందరికీ సమానమే! ఆకలి వున్నవాడికి చీటీలు ఎక్కువ, అంతే. దారిద్ర్యం ఎట్లా పనిచేస్తుందో చెప్పటానికి మన కథకులు ఎన్నో పేజీలు ఖర్చు పెట్టిన చోట, ఈమె ఒక్క నియమం కల్పించి ఊరుకొంది. ఇంకో సంగతి, ఆ చీటీలకు వయస్సు పన్నెండు నుంచి పద్దెనిమిది. నవల ఎవరి కోసం రాసిందో సరిగ్గా వాళ్ళ వయస్సు. మా పిల్లకు అది బళ్ళారి, కోటా మాటలు లేకుండానే బోధపడింది. "ర్యాంకుల లిస్టు మాదిరే తాతా" అన్నది.

మూడో భాగం నాకు నచ్చలేదు. తిరుగుబాటు చేసే జిల్లా నాయకురాలు కూడా రాజధాని అధ్యక్షుడికి తీసిపోనిదని తేలుతుంది. రెండు పక్షాలూ ఒకటే అని చెప్పటం అమెరికాలో తేలిగ్గా అమ్ముడుపోయే జ్ఞానం. ఈ మాట అంటే మా పిల్ల ఒప్పుకోలేదు. ఓడిపోయిన రాజధాని పిల్లల్ని కూడా అదే ఆటలో వెయ్యాలని ఆ నాయకురాలు అన్నదనీ, కాట్నిస్ ఆమెను చంపింది అందుకేననీ, అది రెండూ ఒకటే అనటం ఎట్లా అవుతుందనీ అడిగింది. ఇప్పటికీ మేము ఆ విషయంలో రాజీ పడలేదు.

మెలూహాను గూర్చి క్లుప్తంగా చెప్తాను. 2010లో వచ్చింది, తెగ అమ్ముడుపోయింది. శివుడు దేవుడు కాదు, టిబెట్టు నుంచి వచ్చిన ఒక తెగ నాయకుడు అనటం మంచి వూహే. అయితే ఆ మెలూహా దేశంలో పుట్టిన బిడ్డల్ని తల్లుల నుంచి తీసుకుపోయి ఒకచోట పెంచి, పరీక్ష పెట్టి, దానిని బట్టి వర్ణం నిర్ణయిస్తారు. పుట్టుకతో వచ్చే కులం పోయింది చూశారా అని రచయిత సంతోషిస్తాడు. కులం ఎక్కడికి పోయింది? ప్రవేశపరీక్ష అయింది. మన కార్పొరేటు కాలేజీలవాళ్ళు ఈ దేశంలో హాయిగా బ్రాంచీలు తెరవవచ్చు. లెగ్విన్ నవల 1968 నాటిది, కొత్తది కాదు. మేకలు కాసే రాగిరంగు కుర్రాడు మాంత్రికుడయి, తన గర్వంతో తానే విడుదల చేసిన నీడ వెంట పడతాడు. వంశం గొప్పదని గాని, జాతకంలో రాసి వున్నదని గాని ఆమె ఎక్కడా చెప్పదు. పదమూడింటిలో నాకు అన్నింటికన్నా నచ్చినదదే. మా పిల్లకు మాత్రం మెల్లగా నడిచిందనిపించింది.

ఆఖరున చదివినది బేబెల్. 2022లో వచ్చింది. క్వాంగ్ చైనాలో పుట్టి అమెరికాలో పెరిగిన రచయిత్రి. కథ 1830లలో, ఆక్స్‌ఫర్డులో. ఆ లోకంలో వెండి కడ్డీలకు మహిమ వుంటుంది. కడ్డీకి ఒక పక్క ఒక భాషలో మాట, రెండో పక్క ఇంకో భాషలో దానికి సమానమైన మాట చెక్కుతారు. ఏ అనువాదమూ పూర్తిగా సరిపోదు గదా? ఆ జారిపోయిన అర్థం కడ్డీలో శక్తి అవుతుంది. ఆ శక్తితో ఇంగ్లండులో ఓడలు నడుస్తాయి, వంతెనలు నిలుస్తాయి, మిల్లులు తిరుగుతాయి. అయితే రెండు భాషలూ కలల్లోకి వచ్చేంతగా తెలిసినవాళ్ళు చెక్కితేనే పనిచేస్తుంది. అందుకని కాంటన్ నుంచి ఒక పిల్లవాణ్ణి, కలకత్తా నుంచి ఒకణ్ణి, హైతీలో పుట్టిన ఒక పిల్లను తెచ్చి ఆక్స్‌ఫర్డు గోపురంలో చదివిస్తారు. వాళ్ళ భాషల మీద ఇంగ్లండు ధనవంతమవుతుంది. ఆ ధనంతో వాళ్ళ దేశాల మీదికే ఓడలు పంపుతుంది. అనువాదకులు చివరకు గోపురం పట్టుకొని సమ్మె చేస్తారు. పని పోయిన మిల్లు కార్మికులు వచ్చి బయట అడ్డుగోడలు కడతారు. మంత్రాల నవలలో సమ్మె! మార్గం విషయంలో రచయిత్రితో నాకు తగాదా వుంది. వ్యక్తులు కూలిపోయేటంత హింస తప్ప వేరు దారి ఆమెకు కనిపించలేదు. అడుగున పేజీ పేజీకీ పెట్టిన వివరణలు కొన్ని చోట్ల పాఠం చెప్పినట్టున్నాయి, పాఠాలు చెప్పి బతికిన నాకే విసుగు పుట్టింది. అయినా, అద్భుతం ఎవరి భుజాల మీద నిలబడిందని అడిగి, ఆ ప్రశ్న మీదనే నవల మొత్తం కట్టిన సాహసం నాకు తక్కినవాటిలో కనిపించలేదు.

దానిని చదువుతూ వుండగా నాకు ఆక్స్‌ఫర్డు గోపురం కనిపించలేదు. మా వూరివాళ్ళకు గోపురం వెతుక్కోనక్కర లేదు. మేడ మీదికి ఎక్కితే చాలు, పులికాటు అవతల శ్రీహరికోట నుంచి నిప్పు లేస్తుంది. ముందు వెలుగు కనిపిస్తుంది, దాదాపు నిమిషానికి గాని మోత వచ్చి తగలదు. 2023 జులై 14న చంద్రయాన్ లేచినప్పుడు మా వీధి వీధంతా మేడల మీదనే వుంది. ప్రయోగానికి ముందు పెద్ద శాస్త్రవేత్తలు మా వూరి చెంగాళమ్మ గుడికి వచ్చి దణ్ణం పెట్టుకొని పోతారు. హేతువాదులు దానికి కోపగించుకొంటారు, నేనూ కోపగించుకొన్నవాణ్ణే. అద్భుతం, లెక్క, మొక్కు మూడూ ఒకే రోడ్డు మీద పోయే వూరు మాది. వాస్తవం, అద్భుతం అని గీత గీసి చెప్పమంటే ఇక్కడి పిల్లకు ఆ గీత ఎక్కడ గీయాలో తెలియదు.

ఆ దీవిని 1969లో ఎంచుకొన్నారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్టు లేచింది. అంతకు ముందు అక్కడ యానాదులు వుండేవారు. అడవిలో తేనె, దుంపలు, మందు చెట్లు, సరస్సులో చేపలు వాళ్ళ బతుకు. కేంద్రం వచ్చాక చాలా కుటుంబాలు దీవి వదలి రావలసి వచ్చింది. నేను రాకెట్లకు వ్యతిరేకిని కాను. మా వూరి పిల్లలు అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు, నాకు గర్వమే. కాని మేడ మీద నిలబడి చప్పట్లు కొట్టేటప్పుడు ఆ దీవి ఎవరిదని మేము పిల్లలకు ఎప్పుడూ చెప్పలేదు. బేబెల్ చదివిన మా పిల్ల, "మన దగ్గర యానాదులు వుండేది అక్కడేనంట గదా" అని నన్ను అడిగింది. కాంటన్ పిల్లవాడి కథ చదివి పులికాటు అవతల సంగతి అడిగింది! ముప్ఫయ్యేళ్ళు వాస్తవికత బోధించిన నా తరగతిలో ఆ ప్రశ్న ఒక్కరూ అడగలేదు. అడిగేట్టు నేను చెప్పలేదు.

హాస్టలు విషయం మా అక్కతో మాట్లాడాను. పంపవద్దని చెప్పాను. వాళ్ళ నాయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. పిల్ల ఇప్పుడు ఇక్కడే రెండో సంవత్సరం చదువుతూ వుంది. ర్యాంకు ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు.

ఇచ్చి పుచ్చుకోవటం న్యాయం గనక, నేను దాచుకొన్న చందమామ బైండ్లు ఆ పిల్లకు ఇచ్చాను. యక్షపర్వతం, పాతాళదుర్గం, మాయాసరోవరం. తెలుగు చదవటం నిదానమయిందని మొదట సణిగింది గాని మూడూ చదివింది. పోయిన వారం తిరిగి తెచ్చి ఇచ్చినప్పుడు పై బైండులో ఒక చీటీ పెట్టి వుంది. బొమ్మలు చాలా బాగున్నాయనీ, ఖడ్గవర్మ కంటే జీవదత్తుడు నచ్చాడనీ, తెలుగులో ఇంత వేగంగా నడిచే కథ వుంటుందనుకోలేదనీ రాసింది. కింద, "తాతా, మీ దాంట్లో ఆడపిల్లలు ఏం చేస్తారు?" అని వుంది.

రెండు రోజులు బైండ్లు ముందేసుకొని తిరగేశాను. కనిపించిన రాజకుమార్తెల్లో ఎక్కువమందిని ఎవరో ఒకరు ఎత్తుకుపోతున్నారు, ఇంకెవరో పోయి తెస్తున్నారు. చీటీకి జవాబు ఇంకా రాయలేదు.